ఎస్తేరు ఆంటీ దిద్దిన స్లైడు

రాయ్‌పూర్ దగ్గరి తిల్దాలో రైలు దిగగానే ముందు ఉడికిన వడ్ల వాసన తగులుతుంది. ఊరి చుట్టూ బియ్యం మిల్లులే. కిందటి నెల అక్కడ ఒక మిల్లు ఆవరణలో కంటి పరీక్షల శిబిరం పెడితే పత్రిక పని మీద వెళ్ళాను. రాసుకోవలసింది రాసుకున్నాక, నాకూ షుగరు ఉంది కదా అని వరుసలో నిలబడ్డాను. నల్లగుడ్డలు కట్టి చీకటి చేసిన మూలలో, మడత బల్ల మీద ఒక చిన్న కెమెరా ఉంది. దాన్ని నడుపుతున్న అమ్మాయి పేరు ఖిలేశ్వరి. నా వంతు రాగానే ఆమె గడ్డం ఆనించే చోట స్పిరిట్ దూదితో తుడిచింది. ఆ చల్లటి ఘాటు ముక్కుకు తగలగానే వడ్ల వాసన పోయింది, తిల్దా కూడా పోయింది. ఇరవై ఏళ్ళ కిందట రాయ్‌పూర్‌లో ఒక కంటి ఆసుపత్రి వెనక గదిలో నిలబడి ఉన్నట్టు అనిపించింది.

కంట్లో చుక్కలు వెయ్యలేదు, సూది గుచ్చలేదు. ఒక్క మెరుపు మెరిసింది, నా కంటి లోపలి తెర నారింజ రంగు చందమామలా కంప్యూటరు మీద కనిపించింది. మూలన ‘ఆర్’ అని, కుడికన్ను అని, యంత్రమే అచ్చు వేసుకుంది. అయినా ఖిలేశ్వరి నా వైపు తిరిగి, “దీదీ, నాక్ కిధర్ హై?” అని అడిగింది. నా ముక్కు ఎటువైపు ఉందో ఆ బొమ్మలో చూపించమని. నేను ముందు ముక్కు ముట్టుకుని, తర్వాత బొమ్మకు కుడిపక్క అంచు మీద వేలు పెట్టాను. ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. “అందరికీ నేనే చెప్పాల్సి వస్తుంది. మీకెలా తెలుసు?” అంది హిందీలోనే. వెనక ఇంకా ముప్ఫై మంది దాకా ఉన్నారు. “మధ్యాహ్నం చెప్తాను” అని లేచాను.

చెప్పవలసింది ఎస్తేరు ఆంటీ గురించి. రాయ్‌పూర్‌లో స్టేషనుకు దగ్గరగా మేము అద్దెకున్న వీధిలో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవారు. ఆంటీది నర్సాపురం దగ్గరి పల్లె. నర్సు పని నేర్చుకుని, రైల్వేలో గార్డు ఉద్యోగం చేసే ఆయన్ను పెళ్ళి చేసుకుని ఇటు వచ్చారు. కంటి ఆసుపత్రిలో ఆపరేషన్ల దగ్గర సిస్టరుగా చేరితే, చెయ్యి వణకదని పెద్ద డాక్టరు గమనించి ఆవిడను కెమెరా ముందు కూర్చోబెట్టారు. కంటి వెనక తెరను ఫొటో తీసే కెమెరా అది. అప్పట్లో మా వీధిలో సగం మంది ఆవిడను సిస్టరమ్మ అనేవారు, మిగతా సగం ఫోటోవాలీ అనేవారు. పెళ్ళిళ్ళకు ఫొటోలు తీస్తారేమోనని ఒకరిద్దరు బేరం కూడా అడిగారు. “తీస్తాను గానీ, పెళ్ళికూతురు కంటి లోపల ఒక్కటే పడుద్ది, పరవాలేదా?” అనేవారు ఆంటీ.

సాయంత్రాలు వరండాలో కూర్చుని ఎరుపు, నీలం, పసుపు పెన్సిళ్ళతో గుండ్రటి బొమ్మలు గీసేవారు. డాక్టరు రోగి కన్ను చూస్తూ గబగబా వేసిన గీతలకు శుభ్రమైన నకళ్ళు అవి. ఎరుపు రక్తపు చుక్కలకు, పసుపు కొవ్వు మరకలకు. కాలేజీకి వెళ్ళే రోజుల్లో నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. డాక్టరు గీసిన కాగితం తలకిందులుగా ఉండేది.

“అదేంటాంటీ, తిరగేసి పట్టుకున్నారు?”

“ఆయన చూసే అద్దంలో కన్నంతా తిరగబడే కనబడుద్దే. మనిషిని తలకిందులుగా నిలబెట్టలేం కదా, కాగితమే తిప్పుకోవాలి,” అన్నారు. తర్వాత పెన్సిలు ఆపి, “చూసిందే గియ్యాలి. ఉంటుందనుకున్నది గియ్యకూడదు. ఇది మాత్రం గుర్తుపెట్టుకో, నిర్మలా,” అన్నారు. పత్రికలో చేరాక చాలామంది నాకు చాలా పాఠాలు చెప్పారు. వాటిలో దీనికంటే పొడుగైనవి ఉన్నాయి, దీనికంటే పనికొచ్చినది లేదు.

రాయ్‌పూర్ కొత్త రాష్ట్రానికి రాజధాని అయిన రోజులవి. నేను ఒక హిందీ దినపత్రికలో శిక్షణలో ఉన్నాను. మా నాన్న ఊరి బయట ఇనుము సాగదీసే మిల్లులో క్రేను నడిపేవాడు. శ్రీకాకుళం జిల్లా నుంచి ఖలాసీగా వచ్చి, క్రేను కేబిన్ దాకా ఎక్కిన మనిషి. ఎర్రగా కాలే ఇనుప దిమ్మను కిందనున్న మనుషుల మధ్య నుంచి జానెడు కూడా తేడా లేకుండా దించాలి. ఆ కేబిన్‌లో కూర్చోవడానికి చెయ్యి కంటే ముందు కన్ను కావాలి. ఏటేటా మిల్లులో జరిగే వైద్య పరీక్షలో షుగరు ఎక్కువగా ఉందని తేలి, కళ్ళు కూడా చూపించుకోమన్నారు. “నాకేటయింది? కిందోడి బొత్తాం ఊడితే పైనుంచి కనబడతాది నాకు,” అన్నాడు నాన్న. నిజమే, రెండు కళ్ళూ బాగానే కనిపిస్తున్నాయి. అసలు చిక్కు అక్కడే ఉంది. షుగరు కంటి తెరను లోపల పాడుచేస్తున్నా చాలాకాలం మనిషికి తెలియదు. ఫొటోకే ముందు తెలుస్తుంది.

డాక్టరు చూసి, రెండు కళ్ళలోనూ ఎర్రచుక్కలు ఉన్నాయని, ఒక కంట్లో సన్నటి రక్తనాళం కారుతున్నట్టుందని, అది చూపు నిలిచే చోటుకు దగ్గరలో ఉందని చెప్పారు. ఎక్కడ కారుతోందో పట్టుకోవడానికి రంగు మందు పరీక్ష రాశారు. చేతి నరంలోకి పసుపు రంగు మందు ఎక్కించి, అది కంటిలోకి చేరే క్షణం నుంచి టకటకా ఫొటోలు తియ్యాలి. తీసేది ఎస్తేరు ఆంటీయే. “అన్నయ్యగారూ, రేపంతా మీరు పెళ్ళికొడుకులా పచ్చగా ఉంటారు. వదినగారికి ముందే చెప్పి ఉంచండి,” అన్నారు. నాన్న నవ్వాడు గానీ, మందు ఎక్కిన కాసేపటికి వికారం పుట్టి కెమెరా ముందు నుంచి లేచిపోయాడు. మళ్ళీ కూర్చోబెట్టి మిగతా ఫొటోలు తీశారు. ఎప్పుడూ కుడి తర్వాత ఎడమ అని ఆంటీ పాటించే వరుస ఆ రోజు చెడిపోయింది.

ఫిల్మును ఆవిడే చీకటిగదిలో కడిగి, ఆరబెట్టి, ముక్కలుగా కత్తిరించి, చిన్న అట్టచట్రాలలో బిగించి, చట్రం మీద కుడికి ‘ఆర్’, ఎడమకు ‘ఎల్’ అని పెన్నుతో రాసేవారు. డాక్టరు వాటిని దీపపు పెట్టె మీద పెట్టి చూసి, బుధవారం ఎడమకంటికి లేజరు అని కాగితం రాసిచ్చారు. కారుతున్న చోటును కాంతితో మాడ్చి మూసెయ్యడమే లేజరు. మేము బుధవారం కోసం ఎదురుచూశాం.

మంగళవారం సాయంత్రం ఆంటీ మా ఇంటికి వచ్చారు. ఆసుపత్రి చీరలోనే ఉన్నారు. అమ్మ కుర్చీ వేసినా కూర్చోలేదు.

“అన్నయ్యగారూ, నేనో తప్పు చేశానండీ. మీ కుడికన్ను ఫిల్మును తిరగేసి చట్రంలో పెట్టాను. తిరగేస్తే కుడికన్ను ఎడమకన్నులా కనబడుద్ది. నేను దాని మీద ఎడమ అని రాశాను. అది చూసే డాక్టరుగారు ఎడమకంటికి రాశారు. ఇవాళ పొద్దున్న మీ ఫైల్లో నేను పెన్సిళ్ళతో గీసిన బొమ్మ తీసి పోల్చుకుంటే, కారేచోటి పసుపు మరకలు కుడికంట్లో ఉన్నాయి. వెంటనే ఆయనకి చెప్పాను. కాగితం మార్చారు.”

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న అడిగాడు. “సూసుకోపోతే ఏటయ్యేది, సిస్టరుగారూ?”

“మంచి కన్ను కాలిపోయేదండీ.”

“డాక్టరు సూడరేటి?”

“లేజరు ముందు దీపంలో చూస్తారు. చూసి ఆపేసేవాణ్ణే అంటున్నారు. ఆపేవారేనండీ. కానీ అది ఆయన జాగ్రత్త. నా తప్పు నాదే కదండీ.”

నాన్న రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, “నా కూడంతా ఆ కేబిన్లోనే ఉన్నాది,” అన్నాడు మెల్లగా. ఆంటీ తల ఊపారు. సాకు చెప్పలేదు, మీరు మధ్యలో లేచారు కదా అనలేదు. ఆ మాట అనడానికి ఆవిడకు హక్కుందని నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తట్టలేదు.

బుధవారం నాన్న వెంట నేనూ వెళ్ళాను. కోపంగానే వెళ్ళాను. లేజరు గదిలోకి పంపే ముందు ఆంటీ నాన్నను దీపపు పెట్టె దగ్గర కూర్చోబెట్టారు. “అన్నయ్యగారూ, మీ ముక్కు ముట్టుకోండి,” అన్నారు. నాన్న వింతగా చూసి ముట్టుకున్నాడు. “ఇదిగో, ఈ గుండ్రటి తెల్లమచ్చ నరం బయల్దేరే చోటు. ఏ కంట్లోనైనా ఇది ముక్కు వైపే ఉంటుంది. నేను మీకు ఎదురుగా కూర్చుని తీసిన ఫొటో ఇది. ఇప్పుడు చెప్పండి, మీ ముక్కు నాకు కుడిపక్కన పడేది మీ ఏ కన్ను చూసేటప్పుడు?” నాన్న ఆవిడకు ఎదురుగా కూర్చుని, ఒక కన్నూ ఇంకో కన్నూ మూసి తెరిచి, క్రేను గొలుసు సరిచూసుకున్నంత శ్రద్ధగా లెక్క కట్టాడు. “కుడికన్ను,” అన్నాడు. “మరి బొమ్మలో మచ్చ ఎటుంది?” “కుడిపక్కనుంది.” “అయితే లోపలికి పదండి,” అన్నారు ఆంటీ. ఆ ప్రశ్న పుట్టింది ఆ రోజే. మొదటిసారి జవాబు చెప్పింది మా నాన్న.

ఆ మధ్యాహ్నం పత్రిక ఆఫీసులో మా డెస్కు పెద్ద పాండేజీకి సంగతంతా చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి. “నిర్మలాజీ, యే తో పహలే పేజ్ కా మాల్ హై. నామ్ లావో,” అన్నారు. మొదటి పేజీ వార్త, పేరు పట్టుకురా అని. శిక్షణలో ఉన్న పిల్లకు మొదటి పేజీ అంటే ఏమిటో ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు తెలుసు. మర్నాడు నోటుబుక్కు పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను.

“రాస్తావా? రాయి,” అన్నారు ఆంటీ. “నా ఇంటిపేరుతో సహా రాయి. కానీ ఎలా జరిగిందో చూడకుండా రాయకు.” చీకటిగదిలోకి తీసుకెళ్ళారు. మందుల పుల్లటి వాసన, ఎర్ర బల్బు, తీగ మీద ఆరుతున్న ఫిల్ములు. పనికిరాని ఫిల్ము ముక్కలు పది నా ముందు పోసి, “మెరిసే వైపు నీ వైపుండాలి, మాసినట్టుండే వైపు అవతలికి. ఇంతే. బిగించు,” అన్నారు. ఎంత శ్రద్ధగా బిగించానో నాకు తెలుసు. ఆవిడ వాటిని దీపం మీద వరసగా పెట్టి చూసి పకపకా నవ్వారు. “నలుగురికి కళ్ళు మార్చేశావే! రాసుకో, నీ పేరు కూడా రాసుకో కింద.”

నేను నవ్వలేకపోయాను. అప్పుడు ఆవిడ నాన్న స్లైడు తీసి చూపించారు. ఫిల్మును సరిగా తిప్పి, అదే చట్రం మీద ‘ఎల్’ను ఒక్క గీతతో కొట్టేసి, పక్కన ‘ఆర్’ అని రాసి, కింద పూర్తి సంతకం, తేదీ వేశారు. “కొత్త చట్రం వేసేస్తే పోయేది కదా, ఆంటీ,” అన్నాను. “వేస్తే నేను ఎప్పుడూ తప్పు చెయ్యనట్టే కనబడుద్ది. రేపు నా చోట్లోకొచ్చే పిల్ల అదే నమ్ముద్ది. నమ్మి అదే తప్పు చేస్తుంది,” అన్నారు. ఆ వారమే డాక్టర్లందరి ముందూ నిలబడి, తన తప్పును తనే వివరించి, ఇకపై ఎవరి ఫొటో అయినా ముక్కు అడగకుండా లోపలికి పోకూడదని నియమం పెట్టించారు.

పాండేజీ దగ్గరికి వెళ్ళి, తప్పు చేసినవాళ్ళే ఇంటికొచ్చి చెప్పారని, అదీ రాద్దామని అన్నాను. “అది వార్త కాదు, దిద్దుబాటు,” అని ఆయన వేరే పనిలో పడిపోయారు. వార్త రాలేదు. నేను రాయలేదని చెప్పాలి. ఆంటీ మీద జాలితో మాత్రం కాదు. సగం రాస్తే అబద్ధమవుతుంది, మొత్తం వెయ్యడానికి చోటు లేదు.

కొన్నేళ్ళకు డిజిటల్ కెమెరా వచ్చింది. చీకటిగదిలో మందుల తొట్లు తీసేసి ఇన్వర్టరు బ్యాటరీలు పెట్టారు. సిస్టరమ్మ పని అయిపోయిందని ఆసుపత్రిలో కొందరు అనుకున్నారు. అప్పటికి ఆవిడకు యాభై నిండాయి. మౌసును కంచం తుడిచినట్టు బల్లంతా తిప్పేవారు. నెల తిరిగేసరికి కుర్రాళ్ళు ఆవిడను అడిగి నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఫొటో తీసిన క్షణంలోనే తెర మీద కనబడడం ఆవిడకు మహా ఇష్టమైంది, ఎందుకంటే రోగి కూడా చూడొచ్చు. నేను అక్కడున్న ఒక రోజు ఒక ముసలి రైతు తెర వైపు నోరు తెరిచి చూసి, “యే హ మోర్ ఆంఖీ ఆయ్ కా?” అన్నాడు, ఇది నా కన్నేనా అని. “హవ్ కకా, తోరేచ్ ఆయ్,” అన్నారు ఆంటీ, నీదే బాబాయ్ అని. “నాక్ కిధర్ హే, బతా.” ఆయన ముక్కు పట్టుకుని ఆలోచిస్తుంటే ఒక కొత్త టెక్నీషియను విసుక్కున్నాడు. “సిస్టర్, అబ్ తో మెషీన్ ఖుద్ లిఖ్తీ హై.” కుడీ ఎడమా యంత్రమే రాస్తుంది కదా అని అతని బాధ. ఆంటీ తిరిగి చూశారు. “మెషీన్ కీ నాక్ హై క్యా?” యంత్రానికి ముక్కుందా? గదిలో అందరితో పాటు ఆ ముసలాయన కూడా నవ్వాడు.

ఆ తర్వాత తెరను కోయకుండానే కోసినట్టు పొరలు పొరలుగా చూపించే స్కాను వచ్చింది. ఆంటీ దాన్ని మొదటిసారి చూసి, “పూతరేకే ఇది! మా వైపు ఎవరికి చూపించినా పూతరేకే అంటారు,” అన్నారు. నాన్న కుడికంట్లో మళ్ళీ వాపు వచ్చినప్పుడు ఆ స్కానులోనే బయటపడింది. రేకుల మధ్య నీరు చేరింది. ఈసారి కాల్చలేదు, కంట్లోకి ఇంజెక్షన్లు ఇచ్చారు. ఒక్కో ఇంజెక్షను తర్వాత స్కాను తీసి, నీరు ఎంత తగ్గిందో ఆంటీ నాన్నకు వేలితో చూపించేవారు. “ఇక చాలామందిని పచ్చగా చెయ్యక్కర్లేదండీ, అన్నయ్యగారూ,” అన్నారు ఒకసారి. తన చేతి పని ఒక్కొక్కటీ యంత్రాలు తీసుకుంటుంటే అంత సంతోషపడిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. పత్రికల్లో మేము అలా సంతోషపడలేదు.

నాన్న పదవీ విరమణ రోజు దాకా క్రేను కేబిన్‌లోనే పనిచేశాడు. ఇప్పుడు సాయంత్రాలు తెలీబంధా చెరువు గట్టు మీద కూర్చుని అవతలి ఒడ్డు దుకాణాల బోర్డులు ఒక్కొక్కటీ పైకి చదువుతాడు. “ఏటే, ఆ మిఠాయి కొట్టోడు పేరు మార్చీసినాడు,” అంటాడు. నాకు కనబడదు.

నేను డెస్కు బాధ్యత తీసుకున్న కొత్తలో ఒక సన్మానసభ ఫొటోను, మనుషులు పేజీ లోపలికి చూస్తున్నట్టు ఉండాలని, అద్దంలోలా తిప్పి వేశాం. ‘ఎడమ నుంచి’ అని కింద వేసిన పేర్లన్నీ తారుమారయ్యాయి. సన్మానం అందుకున్న ఆవిడ పేరు దండ పట్టుకున్న ఆయన కింద పడింది. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు, వదిలెయ్యమని ఆఫీసులో అన్నారు. ఆ రోజు రెండో పేజీలో నాలుగు వాక్యాల దిద్దుబాటు వేయించి, కింద నా పేరు పెట్టాను. అప్పటి నుంచి ఆ దిద్దుబాట్ల మూల ఖాళీగా ఉన్న రోజులు ఉన్నాయి గానీ, మూసేసిన రోజు లేదు. మొదటిది అచ్చయిన రోజు ఆంటీకి తీసుకెళ్ళి చూపించాను. కళ్ళజోడు పైకి నెట్టి రెండుసార్లు చదివి, “కొట్టేసింది కూడా కనబడుతోంది. బాగుంది,” అన్నారు. నాకు వచ్చిన మెప్పులన్నిటిలో నేను దాచుకున్నది అదే.

చీకటిగది మూసినప్పుడు పాత ఫిల్ములన్నీ పారేస్తుంటే, నాన్నను అడిగి, ఆయన స్లైడు ఒక్కటి తీసి నా చేతిలో పెట్టారు ఆంటీ. “నువ్వు రాయలేదుగా. అందుకని నీ దగ్గరుండాలి,” అన్నారు. ఉద్యోగం అయిపోయాక కూడా మహాసముంద్ నుంచి, ధమ్‌తరీ నుంచి వచ్చే ఆడపిల్లలకు కెమెరా పని నేర్పించేవారు. రెండేళ్ళ కిందట పోయారు. ప్రార్థనకు వచ్చిన ఆ పిల్లలతో వీధి నిండిపోయింది. ఒక్కొక్కరూ ఒక్కో జిల్లా పేరు చెప్పి పరిచయం చేసుకున్నారు.

తిల్దాలో మధ్యాహ్నం వరుస అయిపోయింది. నా ఫొటోను కంప్యూటరే పరిశీలించి, భయం లేదు, ఏడాదికి మళ్ళీ రమ్మని చెప్పేసింది. ఖిలేశ్వరి మిల్లు అరుగు మీద డబ్బా విప్పుకుని నన్ను పిలిచింది. ముక్కు సంగతి నీకెవరు చెప్పారని అడిగాను. ధమ్‌తరీ మేడం చెప్పిందట, ఆ మేడంకు ఎవరు చెప్పారో తెలియదట. పెన్నులతో పాటు సంచిలో ఎప్పుడూ తిరిగే స్లైడును తీసి ఇచ్చాను. ఫిల్ము స్లైడును ఆమె పుట్టాక చూడలేదు. వేళ్ళు తుడుచుకుని, అంచులు పట్టుకుని, ఎండకు ఎత్తి చూసింది. “రైట్ ఐ,” అంది. మళ్ళీ తిప్పి చూసి, “అరే, ఇటు నుంచి లెఫ్ట్ అయిపోతోంది!” అంది. అప్పుడు చట్రం మీద కొట్టేసిన అక్షరం, సంతకం ఆమె కంటపడ్డాయి. వెలిసిపోయిన ఆ సిరా మీద వేలు పెట్టి, గొంతు తగ్గించి అడిగింది. “దీదీ, యే గల్తీ కిస్‌కీ హై?”

ఈ తప్పు ఎవరిదని.

“మా ఎస్తేరు ఆంటీది,” అన్నాను. పక్క అరుగుల మీద తింటున్నవాళ్ళు కూడా తలెత్తి చూసేంత గట్టిగా అన్నాను.